బీరువాలో వైఫై

మెట్ల పక్క కిటికీలో ఉన్న వైఫై పెట్టెను భర్త ఇనప బీరువాలోకి మార్చి తాళం వేశాడు.

"ఇక ఏ దొంగ వాడుకుంటాడో చూస్తా!" అన్నాడు మీసం దువ్వుతూ. అతను బ్యాంకులో గార్డు. లోకంలో ఏ రోగానికైనా తాళమే మందంటాడు.

నెల రోజులుగా ఎవరో వాళ్ళ నెట్ వాడుకుంటున్నారు. భార్యకు ఒళ్ళు మండిపోతోంది. పదకొండింటికి ఆమె మొదటి ఆన్‌లైన్ కుట్టు క్లాసు. నలభై మంది చేరారు. దీన్నే నమ్ముకుని టైలర్ షాపులో పని మానేసింది. మొదటి రోజే బొమ్మ ఆగిపోతే రెండో రోజు ఎవరొస్తారు?

బీరువా మూయగానే ఉన్న కాస్త సిగ్నలూ పోయింది.

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అంది.

అప్పుడే పై గదిలో అద్దెకుండే మనిషి గుమ్మంలోకి వచ్చాడు. గది ఖాళీ చేస్తున్నాడట. జిప్పు బాగు చేయమని ఇచ్చిన సంచి కావాలట.

"తర్వాత రండి, మా గొడవలో మేమున్నాం," అని విసుక్కుంది.

అతను కదల్లేదు.

"ఇనుము అడ్డముంటే సిగ్నల్ రాదమ్మా. బయట, ఎత్తులో పెట్టండి. పాస్‌వర్డ్ ఏం పెట్టారు?"

"పెట్టె మీద అచ్చేసి ఉన్నదే," అన్నాడు గార్డు. "కంపెనీవాళ్ళు ఇచ్చింది మనం మార్చకూడదు కదా!"

"ముందు అదే మార్చాలి సార్. తాళంచెవి తలుపుకే వేలాడదీశారు మీరు."

గార్డు తాళం తీయగానే అతను పెట్టెను బీరువా పైకెక్కించాడు. ఆమె ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి తిరిగి చేతికిచ్చాడు.

"పొడుగ్గా, మీ ఇద్దరికే తెలిసింది కొట్టండి."

ఆమె కొడుతున్నంతసేపూ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"పాతది తెలిసినవాళ్ళంతా ఇక బయటే," అని సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. కంగారులో ఆమె కనీసం పేరైనా అడగలేదు.

పదకొండయింది. తెర నిండా నలభై ముఖాలు. గంటన్నరలో బొమ్మ ఒక్కసారి ఆగితే ఒట్టు!

"రేపు కాలర్ నేర్పిస్తారా టీచర్?" అడిగారెవరో.

షాపులో ఇన్నేళ్ళూ 'ఏమ్మా' అనే పిలిపించుకున్న మనిషి ఆమె. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గార్డు బూట్లు టకామని కొట్టి భార్యకు సెల్యూట్ చేశాడు.

"ఆయనకో మాట చెప్పొస్తా," అంటూ ఆమె గబగబా మెట్లెక్కింది.

గది ఖాళీగా ఉంది. కిటికీలోంచి వీధి చివరిదాకా చూసినా అతను కనిపించలేదు.

గోడ మీద పెన్సిల్‌తో ఏవో అంకెలు, అక్షరాలు. దగ్గరికెళ్ళి చదివింది. తమ పెట్టె మీది పాత పాస్‌వర్డ్!

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది.

"ఏవండీ!" అని మెట్ల మీంచే కేకేసింది. "మీరు వెతుకుతున్న దొంగ దొరికాడు. మనింటికి తాళం వేసి వెళ్ళింది అతనే!"