బస్సుల్లేని రోజులు

సకల జనుల సమ్మెకు బస్సులు ఆగిపోవడంతో, కొండాపూర్‌లో ఉండే సంధ్య, రవికిరణ్ మాదాపూర్ ఆఫీసుకు కలిసి నడవడం మొదలుపెట్టారు. ఆమెది సిద్దిపేట, అతనిది తెనాలి. రాష్ట్రం విడిపోవాలా వద్దా అని వాదించుకున్నాక, ఆఫీసులో ఇద్దరికీ మాటల్లేవు.

దారిలో మాత్రం మాటలు కలిశాయి. ఎక్కువగా పోట్లాటే. బొటానికల్ గార్డెన్ దాటాక ఆ పోట్లాట కూడా ఆగేది. అక్కడ రాళ్ల మధ్య తంగేడు విరగబూసి ఉండేది. బతుకమ్మకని ఆమె పూలు కోస్తుంటే, అతను కొమ్మలు వంచి పట్టుకునేవాడు.

దసరా వెళ్లింది. పొద్దుటి గాలి చల్లబడింది. సమ్మె విరమించారు.

ఆ రోజు స్టాపులో బస్సు వచ్చి ఆగింది. ఇద్దరూ ఎక్కలేదు. కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు వెళ్లిపోయింది.

"నాకు బైకుందండీ," అన్నాడు రవికిరణ్. "మొదట్నించీ ఉంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టాను."

సంధ్య అతని వైపు చూడకుండానే నడక మొదలుపెట్టింది.

"మా అన్న రోజూ కార్ల దింపుతనంటడు. నేనే వద్దంటున్న," అన్నది. "రేపు స్వెట్టర్ ఏసుకొని రాండ్రి. చలి ముదురుతున్నది."