దారి వదిలే ఎత్తు

“ముట్టుకోకు,” అన్నాడు సామ్యేలు.

సంపూర్ణమ్మను అప్పుడే వాకిట్లో పడుకోబెట్టారు. మధ్యాహ్నం టీ పెట్టడానికని వంటగదిలోకి వెళ్లిన మనిషి పొయ్యి దగ్గరే ఒరిగిపోయింది. కబురందగానే ఆమె తమ్ముడు ఆరోన్ కడియంలో తను గుమాస్తాగా ఉన్న నర్సరీ నుంచి పరుగున వచ్చాడు. అక్క కాళ్ల దగ్గర కాసేపు కూర్చున్నాడు. తర్వాత, వచ్చేవాళ్లకి చోటు చాలదని వరండాలో బల్ల జరపబోయాడు. బల్ల మీద చదరంగం పరిచి ఉంది. ఒక చూపు చూసి, “స్టేల్‌మేట్ అయిపోయింది కదా బావగారూ, తీసేస్తాను,” అంటూ చెయ్యి చాపాడు.

“ముట్టుకోకన్నానా. బయటికి నడు.”

సంఘం పెద్దలు, ఇరుగుపొరుగు అందరూ విన్నారు. ఆరోన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సమాధి దగ్గర పిడికెడు మట్టి వేసి అటునుంచి అటే వెళ్లిపోయాడు. మళ్లీ కొవ్వూరు రాలేదు.

ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. సామ్యేలు కూతురు ఆశాజ్యోతి ఆ ఏర్పాట్లలో ఉంది.

“మావయ్య లేకుండా ప్రార్థన ఎలా పెట్టుకుంటాం నాన్నా? ఒక్క ఫోన్ చెయ్యండి.”

“వాడికి దారి తెలీదా?”

ఆరోన్‌కి తనే ఫోన్ చేసింది.

“రమ్మని ఆయన్ని అననీ అమ్మా. నడు అన్న ఇంటికి నా అంతట నేనెలా వస్తాను?”

ఆశాజ్యోతి ఫోన్ పక్కన పడేసింది. “ఈయన పిలవరు, ఆయన రారు. దీన్ని ఏమంటారో మరి.”

“స్టేల్‌మేటే అంటారు,” అన్నాడు సామ్యేలు, లెక్కల క్లాసులో చెప్పినంత నిదానంగా. “రాజుకి చెక్ ఉండదు. ఆపదేమీ లేదు. కానీ కదలడానికి గడి ఉండదు, వేయడానికి వేరే ఎత్తూ ఉండదు. పేపరు వాళ్లు ప్రతిష్టంభన అని రాస్తారు.”

“అప్పుడు ఎవరు గెలిచినట్టు?”

“ఎవరూ కాదు. ఆట అయిపోయినట్టు.”

“అయిపోతే ఆ బల్ల తియ్యనివ్వండి. పాస్టరు గారిని ఎక్కడ కూర్చోబెట్టను?”

సామ్యేలు తన కుర్చీని బల్లకి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.

ఆ ఇంటి సాయంత్రాలన్నీ ఆ బల్ల చుట్టూనే గడిచాయి. ఆరోన్ పని ముగించుకుని వంతెన దాటి వచ్చేవాడు. ఎప్పుడూ తెల్లపావులే తీసుకునేవాడు. గోదావరి మీద రైలు వెళ్తున్నంతసేపూ మాటలు ఆగేవి, ఆట ఆగేది కాదు. ఓడిపోతున్న ఆరోన్ రాజుని సామ్యేలు తొందరలో ఒక్కోసారి అన్నివైపులా మూసేసేవాడు. వెంటనే తగువు మొదలయ్యేది.

“పేట రూలు బావగారూ. చెక్ చెప్పకుండా దారి మూసినవాడు ఎత్తు వెనక్కి తీసుకుని దారి వదలాలి.”

“పుస్తకంలో లేదు.”

“మా చిన్నప్పుడు చర్చి అరుగు మీద అందరం అలాగే ఆడాం.”

“అరుగు మీద ఆడితే రూలైపోదు. ఆట సమం. పావులు సర్దు.”

వంటగదిలోంచి సంపూర్ణమ్మ ఎప్పుడూ తమ్ముడి వైపే మాట్లాడేది. “కదలనియ్యకుండా మూసేసి, అదేం ఆటండీ? ఒక్క గడి వెనక్కి వెళ్తే మీ సొమ్మేం పోయింది?”

“నీకేం తెలుసని?”

“ఇన్నేళ్లు వింటుంటే గోడలకైనా వస్తుంది.”

ముగ్గురూ నవ్వుకునేవారు. టీ చల్లారిపోయేది.

శనివారం ఆశాజ్యోతి స్కూటీ మీద కడియం వెళ్లింది. ఆరోన్ మొక్కల లారీ పక్కన నిలబడి లోడు చూసుకుంటున్నాడు.

“ప్రార్థన నాన్నది కాదు మావయ్యా, అమ్మది.”

ఆరోన్ ఇంకేమీ అడగకుండా వెనక ఎక్కి కూర్చున్నాడు.

వరండాలో నల్లపావుల వైపు కుర్చీలో సామ్యేలు కూర్చుని ఉన్నాడు. మెట్ల దగ్గర ఆగిన బావమరిదిని చూసి, “రా,” అన్నాడు. అంతే.

ఆశాజ్యోతి ఎదుటి కుర్చీ లాగింది. ఆరోన్ కూర్చోలేదు. బల్ల వైపు చూశాడు. పావులు ఆ రోజు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి.

“ఇంకా ఇలాగే ఉంచారా? అయిపోయిన ఆట కదండీ. మీ పుస్తకం ప్రకారమే.”

“పుస్తకం ప్రకారం అయిపోయింది. పేట రూలు ప్రకారం అవలేదు.”

“ఆ రూలు నేనెంత మొత్తుకున్నా ఒప్పుకోలేదు మీరు.”

“ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.”

సామ్యేలు నల్లమంత్రిని పట్టుకున్నాడు. నెమ్మదిగా ఒక గడి వెనక్కి జరిపాడు. మూలనున్న తెల్లరాజుకి దారి వచ్చింది.

“ఆ రోజు నిన్ను అనకూడని మాట అన్నాను ఆరోన్.”

ఆరోన్ ఖాళీ కుర్చీ వైపు చూశాడు. తర్వాత బావగారి మొహంలోకి చూశాడు. “ఊరుకోండి బావగారూ. నాకు తెలీలేదు,” అని కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

ఆశాజ్యోతికి ప్రాణం కుదుటపడింది. “దారి వదిలారుగా మావయ్యా, కూర్చోండి. మీ ఎత్తు మీరు వేసేస్తే, ఎవరో ఒకరు గెలిస్తే, నేను బల్ల తీసుకుంటాను.”

“నేను వెయ్యకూడదమ్మా.”

“అదేంటి? తెల్లవి మీవేగా?”

ఆరోన్ తల అడ్డంగా ఊపాడు. “ఆ మధ్యాహ్నం నేను కడియంలో ఉన్నానమ్మా, ఈ ఆట నాది కాదు.”

ఎత్తు వేయవలసింది సంపూర్ణమ్మ.