పచ్చ టిక్కు

పిల్లల వార్డులో ఒక్కో మంచం దగ్గరా తెర మీద, కొట్టిన వివరాలు సరే అంటూ పచ్చ టిక్కు వెలుగుతుంటే అతనికి గుండె నిబ్బరంగా ఉంది. బరువును బట్టి మందు మోతాదు లెక్కకట్టే ఆ ప్రోగ్రామును జావాలో రాసింది అతనే.

జ్వరంతో మూలుగుతున్న తన కూతురి వంతు వచ్చింది. నర్సు హడావిడిలో బరువు పద్నాలుగు కిలోలకి బదులు నూట నలభై కొట్టింది.

అతను లోలోపల నవ్వుకున్నాడు. బరువు డెబ్బై దాటకూడదని అది కొట్టే గడికి ‘యానొటేషన్’ అనే నియమపు గుర్తు తగిలించాడు మరి. ఇప్పుడు తెర ఎర్రబడుతుందిలే అనుకున్నాడు.

పచ్చ టిక్కు వెలిగింది.

అతనికి అప్పుడు గుర్తొచ్చింది. నియమమైతే రాశాడు. వివరాలు అందుకునే చోట, వాటిని సరిచూడమని చెప్పే ‘వాలిడ్’ యానొటేషన్ పెట్టడం మరిచాడు. అది లేకపోతే గడులకు అలా తగిలించిన ఏ నియమాన్నీ జావా పట్టించుకోదు.

తెర చెప్పినంత మందూ నింపుకుని సిరంజి పాప చేతి దాకా వచ్చింది.

"ఆగండి సిస్టర్! బరువు తప్పు కొట్టారు!"

నర్సు తెర చూసి నాలుక కరుచుకుంది. "అయ్యో, చూసుకోలేదన్నా! అయినా తప్పు కొడితే ఎర్రగా వస్తుందన్నారే? ఇన్నాళ్లూ మేమంతా ఆ ధైర్యంతోనే కొట్టేస్తున్నాం."

అతను తలెత్తాడు. వార్డు ఆ కొస దాకా పచ్చ టిక్కులే.