పుట్టలోని ఆరు దినాలు

ఎండ మొహం ఎరగని ఒక పుట్టలో చెదపురుగుల కుటుంబం ఉండేది. దేవుడు ఈ పుట్టను ఆరు దినాల్లో కట్టాడని అవ్వ చెద కూడు పెట్టేటప్పుడల్లా పిల్లలకు చెప్పేది. ఆమె అవ్వ ఆమెకు అలాగే చెప్పింది.

ఒకసారి మనవరాలు మట్టి కోసం అడుగుకు తవ్వుకుంటూ పోయి తిరిగొచ్చింది.

"అవ్వా, కింద పాత గదులున్నాయి. వాటి కింద ఇంకా పాతవి. ఆరు దినాల పని కాదది."

"మెల్లగా మాట్లాడు తల్లీ."

"దేవుడు కట్టలేదని నేననడం లేదు. చాలాకాలం కట్టాడంటున్నాను."

ఆ మాట కాపలా చెద చెవిన పడింది. "ఈవిడగారు దేవుడికే లెక్కలు నేర్పుతుందట," అన్నాడు.

పుట్టకు చిల్లు పడితే ఉమ్మితో తడిపిన మట్టి పెట్టి మూసేయడం వాళ్ళ ఆచారం. మనవరాలు మళ్ళీ కిందికి దిగినప్పుడు పెద్దలు ఆ దారి మూసేశారు. చివరి ముద్ద అవ్వ చేతే పెట్టించారు. లోపలి నుంచి "అవ్వా" అని వినిపిస్తున్నా, దేవుడి మాట కాపాడుతున్నాననుకుని ఆమె పెట్టింది.

తర్వాత కూడు పెడుతుంటే ఒక పసిది అడిగింది.

"అవ్వా, దినమంటే ఎంతసేపు?"

పుట్టలో పొద్దు పొడవదు, గుంకదు. అవ్వ గాని, ఆమె అవ్వ గాని ఒక్క దినాన్నీ చూసి ఎరగరు.

"ఆయనకే తెలుసమ్మా," అంది అవ్వ.

ఆ ఒక్క మాట మనవరాలితో అని ఉంటే సరిపోయేది. అవ్వ ఆ మూసిన దారి దగ్గరికి వెళ్ళి, ఎండి గట్టిపడిన మట్టిని కొరకడం మొదలుపెట్టింది. అవతల నుంచి ఏ చప్పుడూ రాలేదు.