సగం బన్ను

తలుపు తీసేసరికి గుమ్మంలో ఒకావిడ, చేతిలో గుడ్డసంచితో నిలబడి ఉంది.

"సారు ఉన్నారా అండీ? ఈమధ్య కనిపించడం లేదని..."

"మావయ్యగారు పోయి పది రోజులైంది. అందుకేగా అత్తయ్యకి తోడుగా మిమ్మల్ని పిలిపించింది" అంది కోడలు, చెవికి దుద్దు పెట్టుకుంటూ. "పొద్దున్నే రమ్మంటే మిట్టమధ్యాహ్నమా రావడం? ఏజెన్సీవాళ్ళు చెప్పలేదా?"

ఆవిడ చేతిలోని సంచి కేసి చూసుకుంది.

"అత్తయ్య లోపలున్నారు. ముద్ద ముట్టడం లేదు. ఆవిడ చేత కాస్త తినిపిస్తే చాలు, మీకు ఇంకే పనీ లేదు. పోనీ, రోజూ ఈ వేళకే రండి."

కళ్ళజోళ్ళ దుకాణంలో కోడలికి ఉద్యోగం. చూపు సరిగ్గా ఆనుతోందో లేదో పరీక్షించే పని. అసలే ఆలస్యమైంది. జవాబు వినకుండానే మెట్లు దిగిపోయింది.

ఆ రోజు అత్తగారు తిన్నది. మర్నాడూ తిన్నది. నెల తిరిగేసరికి కోడలి ఇంగ్లీషులో తప్పులు పట్టడం కూడా మొదలెట్టింది. ఉద్యోగమంతా పిల్లలకి ఇంగ్లీషు చెప్పిన పంతులమ్మ మరి.

"భలే కంపానియన్ దొరికింది" అని కోడలు దుకాణంలో అందరికీ చెప్పుకుంది.

ఆమెకి ఒళ్ళు మండేది ఒక్క వీధి చివరి బేకరీ మీదే. మావయ్యగారు రోజూ తనే వెళ్ళి, ఇంకెవర్నీ వెళ్ళనివ్వని చోటు. కోడలు భోజనం వేళ రెండుసార్లు వెళితే రెండుసార్లూ తాళమే.

"పట్టపగలు మూసుకు పడుకునేవాళ్ళకి వ్యాపారమెందుకు? నిద్రపోవడానికి ఇల్లు లేదా?"

ఒక ఆదివారం ఇంట్లో ఉండి చూసింది.

మావయ్యగారి కుర్చీలో, అత్తగారికి ఎదురుగా, కంపానియన్ కూర్చుని ఉంది. సంచిలోంచి గుండ్రటి బన్ను తీసి రెండుగా తుంచింది. ఒక సగం అత్తగారి చేతిలో పెట్టింది. రెండో సగం తన నోట్లో పెట్టుకుంది.

"ఏమిటండీ ఇది?"

ఆవిడ నమలడం ఆపేసింది.

"అత్తయ్య డబ్బుతో కొని, అత్తయ్య తిండిలో సగం మీరు తింటారా? కాస్తయినా ఉండాలి మనిషికి. తినిపించమని పెట్టుకుంటే తినేసి పోతున్నారా ఇన్నాళ్ళూ?"

ఆవిడ కుర్చీలోంచి లేవబోయింది.

"కూర్చోనీవే" అంది అత్తగారు.

"మీరుండండి అత్తయ్యా. కంపానియన్ అంటే పక్కనుండి చూసుకునే మనిషి. వాటాకి వచ్చే మనిషి కాదు."

"ఆ మాటకి స్పెల్లింగు చెప్పు."

"ఇప్పుడు స్పెల్లింగా?"

"చెప్పు."

"సి, ఓ, ఎమ్... పి, ఎ, ఎన్..."

"అక్కడ ఆగు. మొదటి ముక్కకి లాటిన్‌లో కలిసి అని అర్థం. రెండో ముక్క పానిస్. అంటే రొట్టె. ఒక్క రొట్టెని కలిసి తినేవాళ్ళని కంపానియన్ అన్నారు. మీ మావయ్యా ఇలాగే తుంచేవారు. పెద్ద సగం నా వైపు తోసేసేవారు."

"మీ లాటిన్‌తో నా కొంప గడవదు అత్తయ్యా. ఇల్లన్నాక ఒక పద్ధతుండాలి."

"పొద్దస్తమానం ఊరందరి చూపూ పరీక్ష చేస్తావు..." అని గొణిగింది అత్తగారు.

కోడలు వినిపించుకోలేదు.

కంపానియన్ లేచింది. బల్ల మీది బన్ను పొడి అరచేతిలోకి ఊడ్చుకుంది.

"పొరపాటేనండీ. రేపట్నుంచి రాను."

"మీ జీతం ఏజెన్సీకే కడతాను."

"జీతమేమీ లేదండీ." సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దగ్గర ఆగింది. "ఆవిడ ఒంటరిగా తినరు. ఎవరైనా కాస్త ఎదురుగా కూర్చోండి."

తిన్నది చాలక నాకు పాఠాలొకటి, అనుకుంది కోడలు.

సోమవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి, పొద్దున మూతపెట్టిన కంచం మూత పెట్టినట్టే ఉంది.

మంగళవారం కోడలు సెలవు పెట్టి పక్కనే నిలబడి బతిమాలింది, కసిరింది. అత్తగారు కంచం వైపు చూడనైనా లేదు.

అంతా ఆ మనిషి పెట్టిన అలవాటే. కోడలు మండిపడుతూ ఏజెన్సీకి ఫోను చేసింది.

"మీరు పంపిన మనిషి మీద ఫిర్యాదు చెయ్యాలి."

"మేం ఎవర్నీ పంపలేదే మేడమ్. వస్తానన్నావిడ ఆ రోజు రాలేదు. మీరూ మళ్ళీ అడగలేదు. అక్కర్లేదేమో అనుకున్నాం."

కోడలు ఫోను పెట్టేసి లోపలికి నడిచింది.

"అత్తయ్యా, ఆవిడెవరు?"

"నువ్వు కుదిర్చిన మనిషే అనుకున్నాను." అత్తగారు గోడవైపు తిరిగింది. "బన్ను మాత్రం అచ్చం మీ మావయ్య తెచ్చేదే."

కోడలు చెప్పులేసుకుని వీధిలో పడింది. ఎండ నడినెత్తిన ఉంది. ఈ వేళప్పుడు తాళమే ఉంటుందిలే అనుకుంటూ నడిచింది. తాళమే ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

బేకరీ తెరిచి ఉంది.

లోపల ఎవరో అటు తిరిగి, పొయ్యిలోంచి బన్నుల పళ్ళెం బయటికి లాగుతున్నారు.

"మధ్యాహ్నం... తెరుస్తున్నారా?"

"నిన్నట్నుంచేనండీ. అంతకుముందు నెల్లాళ్ళు, ఈ వేళకి ఒకరింట్లో తోడు తినడానికి వెళ్ళేదాన్ని" అంటూ, మోచేతుల దాకా అంటిన పిండి దులుపుకుని, బేకరీ యజమానురాలు ఇటు తిరిగింది.