లేని వలయం

పత్రిక నుంచి జవాబు వచ్చిన రోజు ద్వారకానాథ్ లంచ్ బాక్స్ మూత తియ్యలేదు.

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, ఒక యూనివర్సిటీలో ఆయన ఇరవై రెండేళ్లుగా ప్రొఫెసర్. ఆరేళ్లు కష్టపడి ఒక కృష్ణబిలం (బ్లాక్ హోల్) చిత్రం తయారుచేసి, దానిమీద ఒక సైన్స్ పత్రికకు వ్యాసం పంపాడు.

కృష్ణబిలాన్ని కెమెరాతో ఫొటో తీయలేరు. భూమ్మీద దూరదూరంగా ఉన్న రేడియో టెలిస్కోపులన్నీ ఒకేసారి అటు తిరిగి, దాని చుట్టూ సుడులు తిరిగే వేడి వాయువుల నుంచి వచ్చే తరంగాలను నమోదు చేస్తాయి. టెలిస్కోపులు కొన్నే కాబట్టి ఆ సమాచారం నిండా ఖాళీలే. వాటిని కంప్యూటర్ ప్రోగ్రామ్ అంచనాతో పూరించి బొమ్మ కడుతుంది.

ద్వారకానాథ్ బొమ్మలో చీకటి చుట్టూ చక్కటి వెలుగు వలయం వచ్చింది.

అచ్చుకు ముందు పత్రికవాళ్లు ఆ వ్యాసాన్ని ఇద్దరు నిపుణులకు పంపారు. వాళ్ల పేర్లు వ్యాసం రాసినవారికి చెప్పరు.

మొదటివారు ఒక్క పేరాలో తేల్చేశారు. వలయం లేని ఉత్తుత్తి డేటా తయారుచేసి ఇదే ప్రోగ్రామ్‌కు ఇచ్చి చూడండి, అప్పుడూ వలయమే వస్తే మీరు చూసింది కృష్ణబిలాన్ని కాదు, మీ కోరికను. ఈ వ్యాసం వేయొద్దు అని.

రెండోవారు నాలుగు పేజీలు రాశారు. ప్రోగ్రామ్‌లో లోపం ఉంటే ఉండొచ్చు గానీ డేటా మాత్రం బంగారం, ఎలా సరిచూసుకోవాలో కింద వివరించాను, ఆరు నెలలు గడువివ్వండి అని.

పత్రిక గడువిచ్చింది.

"ఈ రెండో ఆయనెవరో పెద్దమనిషి" అన్నాడు ద్వారకానాథ్, తన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న కాత్యాయనితో. "ఆ మొదటివాడెవడో మాత్రం నాకు తెలుసు."

"ఎవరు సర్?"

"మెల్‌బోర్న్ శ్రీకర్."

శ్రీకర్ మెల్‌బోర్న్‌లో కాంట్రాక్టు మీద పనిచేసే యువ శాస్త్రవేత్త. ఆ ఊరి శివారు క్లైడ్ నార్త్‌లో భార్యాబిడ్డలతో కాపురం. ద్వారకానాథ్ అతన్ని చూసింది ఒక్కసారే, సిడ్నీ సదస్సులో. ఉత్తుత్తి డేటాతో పరీక్షించారా సర్ అని రెండు వందలమందిలో లేచి మర్యాదగానే అడిగాడు. ద్వారకానాథ్ వినిపించుకోనట్టు తర్వాతి స్లైడ్‌కు వెళ్లిపోయాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు.

కాత్యాయని పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో తన అద్దె గదిలో కూర్చుని వారం రోజులు ఆ పరీక్షే చేసింది.

"సర్, ఫేక్ డేటాలో రింగ్ లేదు. మన ప్రోగ్రామ్ మాత్రం రింగే ఇచ్చింది. తొమ్మిదిసార్లు రన్ చేశాను."

ద్వారకానాథ్ రెండోవారి సమీక్షను ప్రింటు తీశాడు.

ఆ నాలుగు పేజీలు ముందు పెట్టుకుని ఇద్దరూ ప్రోగ్రామ్‌ను మొదటినుంచీ తిరగరాశారు. ఐదో నెలలో ఉత్తుత్తి డేటాకు వలయం రావడం ఆగింది. అసలు డేటాకు వచ్చింది. మునుపటంత అందంగా లేదు, ఒక పక్క మందంగా ఉంది. కానీ నిజమైనది.

వ్యాసాన్ని మళ్లీ పంపారు.

మూడు వారాలకు డిపార్ట్‌మెంట్‌లో ఒక పర్మనెంట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూలు జరిగాయి. వచ్చినవాళ్లలో శ్రీకర్ ఉన్నాడు. అతని కాంట్రాక్టు ఇంకో నెలలో అయిపోతుంది, దాంతోపాటే వీసా.

ఇంటర్వ్యూ బాగా చేశాడు. కాఫీ విరామంలో ద్వారకానాథ్ పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఈసారి రింగ్ బాగా వచ్చింది సర్" అన్నాడు మెల్లగా. వెంటనే నాలుక కరుచుకున్నాడు.

కొత్త చిత్రాన్ని పత్రికవాళ్లూ, వాళ్లు పంపిన నిపుణులూ తప్ప బయటివాళ్లెవరూ చూడలేదు.

ద్వారకానాథ్ కప్పు బల్లమీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

ఇంటర్వ్యూ కమిటీలో ద్వారకానాథ్ కాక మిగతా ముగ్గురూ శ్రీకర్ వైపే ఉన్నారు. ఆయన గొంతు పెంచలేదు. తెలివైనవాడే, కానీ పక్కవాళ్లను కిందికి లాగుతాడు, నాకు అనుభవమే అన్నాడు. సొంత భాషవాడే అలా చెప్పాక వాళ్లింకేం అడగలేదు. ఉద్యోగం వేరొకరికి వెళ్లింది.

నాలో ఏం తక్కువైందో చెబితే దిద్దుకుంటాను సర్ అని శ్రీకర్ మెయిల్ రాశాడు. ద్వారకానాథ్ దాన్ని కాత్యాయనికి చూపించి నవ్వాడు. జవాబివ్వలేదు.

రెండు నెలలకు చిత్రం అచ్చయింది. టీవీవాళ్లు వచ్చారు. తెలుగు సంఘం శాలువా కప్పింది. ఆ సభలోనే ఎవరో చెప్పారు, శ్రీకర్ సామాను అమ్మేసుకుని కుటుంబంతో విజయనగరం వెళ్లిపోయాడనీ, అక్కడ ఏదో కోచింగ్ సెంటర్‌లో ఎంట్రెన్స్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాడనీ.

"అతని స్థాయికి అదే సరిపోతుంది" అన్నాడు ద్వారకానాథ్.

వ్యాసం వెలువడ్డాక, నిపుణులు ఒప్పుకుంటే వాళ్ల సమీక్షలను పేర్లతో సహా వెబ్‌సైట్‌లో పెట్టడం ఆ పత్రిక పద్ధతి. ఒకరోజు మధ్యాహ్నం కాత్యాయని లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మీరే చదవండి సర్."

మొదటి సమీక్ష కింద నెదర్లాండ్స్‌లోని ఒక ప్రొఫెసరమ్మ పేరుంది. ఆయన ఆమెను ఎన్నడూ చూడలేదు.

కిందికి జరిపాడు. తనను నిలబెట్టిన నాలుగు పేజీలు దాటాయి. తర్వాత, సవరించిన వ్యాసం మీద రెండో సమీక్షకుడు రాసిన ఆఖరి మాటలు కనిపించాయి.

"ఇప్పుడీ వలయం నిజం. ఆలస్యం చేయకుండా అచ్చువేయండి. వీళ్ల ఆరేళ్ల శ్రమ ఇది."

ఆ మాటల కింద శ్రీకర్ పేరుంది, పక్కనే తేదీ ఉంది: ఉద్యోగం రాలేదని అతనికి ఇక్కడినుంచి మెయిల్ వెళ్లిన మర్నాడు.