ఆఖరి బ్యాచ్ సమ్మేళనం

మూతపడిన కాలనీ ప్రైమరీ బడి గేటుకు హర్షిణి ఫ్లెక్సీ కట్టింది: ‘పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం – ఆఖరి బ్యాచ్’.

టెంటుహౌసు ఆయన రెండు కుర్చీలు దించి అనుమానంగా చూశాడు.

“గివేం సరిపోతయ్ బిడ్డా? మిగతోళ్లు డ్యూటీ దిగినంక వస్తరా?”

“మా బ్యాచ్ మొత్తం టైముకే వస్తది కాకా!”

దండ, శాలువా, మైకు సిద్ధమయ్యాయి. రిటైరైన మార్తమ్మ టీచర్ ఆటో దిగింది. ఇన్నేళ్లూ దాచుకున్న హాజరు పట్టీ సంచిలోంచి తీసి, మైకులో గట్టిగా పిలిచింది.

“హర్షిణీ!”

“ప్రెజెంట్ టీచర్!”

పట్టీలో ఇంకో పేరు లేదు.

టీచర్ పకపకా నవ్వింది.

“రెండొందల మంది ఉన్ననాడు సుత ఒక్కరోజన్నా అందరు రాలేదే! ఇయ్యాల నూటికి నూరు హాజరు!”